కొత్త కుర్రాడికి ముందే టాలీ నేర్పకండి

అకౌంట్స్ పనిలో నా దగ్గర చేరిన మొదటి కుర్రాడికి టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో నేను నేర్పింది బిల్లుకి ఎఫ్8 కొట్టు, పార్టీ పేరు, ఐటమ్, రేటు, కంట్రోల్ ఏ. అంతే. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, పది రోజుల్లో నాకంటే వేగంగా బిల్లులు కొట్టేస్తుంటే మురిసిపోయాను. తర్వాత నేను రెండు రోజులు సెలవు పెట్టా. సరిగ్గా అప్పుడే ఒక పార్టీ పోయిన నెల సరుకు వాపసు పంపింది. వాపసు గురించి నోట్‌బుక్‌లో లేదు. సరుకు వెనక్కొచ్చింది కాబట్టి బిల్లు ఉండకూడదు అనుకుని, జీఎస్టీ రిటర్న్‌లో కూడా చూపించేసిన ఆ పాత బిల్లుని డిలీట్ చేసి కూర్చున్నాడు. పాత బిల్లు జోలికి పోకుండా వాపసు సరుకుకి విడిగా వేసే క్రెడిట్ నోట్ అనేది ఒకటుందని వాడికి తెలీదు. తిట్టబోయి ఆగిపోయాను, చెప్పింది నేనే కదా.

అప్పట్నుంచి బీకాం చదివి వచ్చినా సరే, మొదటి మూడు రోజులు కంప్యూటర్ ఇవ్వను. ఒక్క బిల్లు చేతికిచ్చి దాని వెంట తిరగమంటాను. ఆర్డర్ ఎవరిచ్చారు, గోడౌన్‌లో ఎవరు లెక్కపెట్టారు, బండితో పాటు ఏ కాగితాలు వెళ్లాయి, డబ్బు ఎప్పుడు ఎలా వచ్చింది. ఓనర్‌కి ఇది టైం వేస్ట్‌లా కనిపిస్తుంది, పోట్లాడైనా ఆ మూడు రోజులు తీసుకోండి.

నాలుగో రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టండి. "పార్టీ లక్ష వేసింది, స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ అని ఉంది, మన పుస్తకాల్లో బ్యాంకుని డెబిట్ చేశాం, ఎవరిది తప్పు?" అని అడిగి నోరు మూసుకుని కూర్చోండి. "వచ్చింది డెబిట్, పోయింది క్రెడిట్" అని కాలేజీలో వల్లెవేసిన వాళ్లు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. జాలిపడి జవాబు చెప్పేయకండి. కాసేపు గింజుకున్నాక ఒక్క మాట అందించండి, ఆ కాగితం ఎవరి పుస్తకంలోంచి వచ్చింది? బ్యాంకు పుస్తకంలోంచి. ఆ లక్ష బ్యాంకు మనకి ఇవ్వాల్సిన బాకీ, అందుకే వాళ్లకి క్రెడిట్, మనకి రావాల్సింది కాబట్టి మనకి డెబిట్. దీన్ని తనే పట్టుకున్నవాడికి మిగతా ఎంట్రీలు సగం చెప్పక్కర్లేదు.

జీఎస్టీ కూడా ఇంతే. మాది హైదరాబాద్ షాపు, 18 శాతం సరుకు. "తెలంగాణ పార్టీకి కేంద్రం వాటా సీజీఎస్టీ 9, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 9, రాష్ట్రం దాటిన ఆంధ్రా పార్టీకి ఐజీఎస్టీ 18" అని బట్టీ పట్టిస్తే రోజూ బండి నడిచిపోతుంది. కానీ విజయవాడ డీలర్ ఫోన్ చేసి "బిల్లు నా పేరున వేయండి, సరుకు మాత్రం వరంగల్‌లో మా కస్టమర్‌కి దింపేయండి" అన్నాడనుకోండి, సరుకు తెలంగాణ దాటలేదు కదా అని మన కుర్రాడు 9, 9 వేసేస్తాడు. చట్టం లెక్కలో ఆ సరుకు అందుకున్నది విజయవాడ డీలరే, కాబట్టి ఐజీఎస్టీ పడాలి. పడకపోతే ఆ డీలర్‌కి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తన పన్నులో తగ్గించుకోవడం, రాదు, మనకి ఫోన్లో అక్షింతలు పడతాయి, ఐజీఎస్టీ మళ్లీ కట్టి, తప్పుగా కట్టినదానికి రీఫండ్ అడుక్కోవాలి. ఈ తిప్పలన్నీ వాడి చేతే కాగితం మీద గీయించండి. రూల్ మర్చిపోయినా తిప్పలు గుర్తుంటాయి.

"అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, అందరూ తలూపుతారు. "ఇది తప్పు పడితే ఎవరి జేబుకి చిల్లు?" అని అడగండి.

అలాగని బట్టీ మీద నాకేం పగ లేదు. ఎఫ్ కీలు, జీఎస్టీ నంబర్‌లో తెలంగాణ కోడ్ 36, ఆంధ్రా 37, నెలవారీ రిటర్న్ వేసే వాళ్లకి అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 11లోపు, పన్ను కట్టే రిటర్న్ 3బీ 20లోపు, ఇవన్నీ ఎక్కాల్లా నోటికి రావాల్సిందే, వీటిలో అర్థం చేసుకోడానికి ఏముంది!

నెల తిరిగాక డేటా బ్యాకప్ తీసి, ఆ కాపీలో మీరే నాలుగైదు తప్పులు దాచి వెతకమనండి. ఒకే బిల్లు రెండుసార్లు, 7,200 బదులు 2,700, అలాంటివి. ఆ రెండోదానిలో తేడా 4,500. తేడాని 9తో భాగిస్తే శేషం రాకపోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడమని నాకు నేర్పిన పెద్దాయన చెప్పారు, ఏళ్ల తరబడి మంత్రంలా వాడాను. ఎందుకు సార్ అని ఒక కుర్రాడు అడిగాక గానీ నేను పెన్ను పట్టుకోలేదు. పదుల అంకె ఒకట్లలోకి దిగితే 10కి బదులు 1 పడుతుంది, ఒకట్లది పైకెక్కితే 1కి బదులు 10, ఎటు చూసినా 9 తేడా. వాడికి నేర్పుతున్నానని అనుకుంటుంటే, నాకే పాఠం అయింది.

ఒక్క జాగ్రత్త. 20వ తేదీ దగ్గర పడ్డప్పుడు ఇవేవీ పెట్టుకోకండి, ఆ టెన్షన్లో ఎవరి బుర్రకీ ఏదీ ఎక్కదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యమనండి, 21న టీ తెప్పించి, నిన్న అలా ఎందుకు చేయించానో నువ్వే చెప్పు అనండి.