బూటు ఎక్కడ కరుస్తోంది? విశాఖ కొండల నడకకు సమస్య - పరిష్కారం

ఆన్‌లైన్‌లో 'హంటింగ్ బూట్లు' అని వెతికితే కనిపించేవాటిలో చాలా జతలు చలిదేశాల వాళ్ళకోసం తయారైనవి. మంచులో గంటల తరబడి కదలకుండా పొంచి ఉండాలి కాబట్టి లోపల వెచ్చదనానికి ఒక పొర ఉంటుంది. మన దగ్గర వన్యప్రాణుల వేట 1972 చట్టం ప్రకారం నేరం. కంబాలకొండలో పక్షులు చూడ్డానికో, అనంతగిరి వైపు కొండలెక్కడానికో వెళ్ళేవాళ్ళకు ఆ పొర అక్కర్లేదు, పైగా ఉక్కపోతకు అరగంటలో సాక్సులు తడిసి ముద్దవుతాయి. వివరాల్లో 'ఇన్సులేటెడ్', '400 గ్రాముల ఇన్సులేషన్' లాంటి మాట కనిపిస్తే ఆ జత వదిలేయండి.

ఇప్పటికే బూట్లు ఉండి ఇబ్బంది పెడుతున్నాయా? కొత్తవి కొనేముందు ఎక్కడ కరుస్తోందో చూడండి. సగం కేసుల్లో తప్పు బూటుది కాదు, సైజుది, లేసుది.

దిగేటప్పుడు బొటనవేలు గుద్దుకోవడం, గోరు నల్లబడటం

ఎక్కేటప్పుడు ఏ బాధా ఉండదు, దిగుడు మొదలవగానే వేళ్ళు ముందుకు జారి బూటు ముక్కుకి తగులుతాయి. కారణాలు రెండు: బూటు పొట్టిదై ఉండాలి, లేదా లేసు వదులై ఉండాలి.

లేసులు పూర్తిగా వదిలి, వేళ్ళు ముందు తగిలేదాకా పాదాన్ని తోయండి. మడమ వెనక చూపుడువేలు దూరితే పొడవు సరిపోయినట్టే. దూరకపోతే ఎంత బిగించినా లాభం లేదు, అర సైజు పెంచాల్సిందే. వేలు దూరినా గోరు నల్లబడుతోందంటే లేసు సంగతి చూడాలి. పాదం వంపు తిరిగి కాలివైపు మళ్ళే చోట లేసులు రెండింటినీ ఒకదానిమీద ఒకటి ఒకసారి కాకుండా రెండుసార్లు మెలేసి బిగించండి. ఆ మెలి కింది బిగువును వదలనివ్వదు. దిగుడు మొదలయ్యేముందు ఒక నిమిషం ఆగి మళ్ళీ బిగించడం అలవాటు చేసుకోండి. గోళ్ళు ముందురోజే కత్తిరించాలి.

కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొండకు వేసుకునే సాక్సులే తీసుకెళ్ళండి. షాపులో చదును నేలమీద నాలుగడుగులు వేస్తే ఏమీ తెలియదు, మెట్లు దిగి చూడాలి. చెప్పులతో పెరిగిన కాళ్ళు ముందువైపు వెడల్పుగా ఉంటాయి. పక్కలు నొక్కుతుంటే పొడవు పెంచకండి, అదే సైజులో వెడల్పు రకం అడగండి.

మడమ దగ్గర బొబ్బ

అడుగడుక్కీ మడమ లేచి పడుతోందన్నమాట. పైనున్న చివరి రెండు కన్నాల్లో లేసును ఎదుటివైపు దాటించకుండా అదే పక్క పై కన్నంలోకి దూర్చండి, చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. రెండు పక్కలా అలా చేసి, ఈ పక్క కొనను ఆ పక్క ఉచ్చులోంచి లాగి ముడేయండి. నూలు సాక్సులు చెమట పట్టి బొబ్బల్ని పెంచుతాయి, ఉన్ని గానీ సింథటిక్ గానీ వాడండి. చర్మం మండుతున్నట్టు అనిపించగానే టేపు అంటించాలి. బొబ్బ లేచాక అంటిస్తే ఆలస్యమే.

పాదం పైన తిమ్మిరి

లేసు నొక్కి తిమ్మిరెక్కే చోట ఒక జత కన్నాలు వదిలేసి లేసు నిలువుగా పోనివ్వండి, చాలు.

సోల్ ఊడిపోవడం

సముద్రపు తేమ ఉన్న ఊళ్ళో ఇది తరచు కనిపించేదే. మూడు నాలుగేళ్ళు అటకమీద పెట్టెలో ఉన్న, పెద్దగా వాడని జత కూడా కొండ మధ్యలో నోరు తెరుస్తుంది. ఊడిన ముఖాలు చూడండి.

రెండూ నున్నగా ఉంటే జిగురు పట్టు తప్పింది. పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, రెండువైపులా సొల్యూషన్ పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక నొక్కి, ఒక రోజంతా బిగించి ఉంచాలి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర అంచు కుట్టించుకుంటే ఇంకా గట్టి.

మధ్య పొర సెనగపిండిలా పొడిపొడిగా రాలుతోందా? అది పాలియురిథేన్, గాలిలో తేమ దాన్ని లోపల్నుంచి విరిచేసింది. ఏ జిగురూ పట్టదు. సోల్ మొత్తం మార్పించాలి, లేకపోతే పారేయాలి. బయల్దేరే వారం ముందు ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కి, బూటు వంచి చూడండి. చీలికలు కనబడితే వాటితో వెళ్ళొద్దు. ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచకండి, అప్పుడప్పుడు వేసుకోండి. దారిలో ఊడితే సంచిలో ఉన్న రెండు మీటర్ల సన్నని నైలాన్ తాడే దిక్కు: ముక్కు చుట్టూ తిప్పి లేసుకు కట్టి, ముడి పైకి వచ్చేలా చూడండి.

లోపల తడి

వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నా తడుస్తోందంటే, ముందు బకెట్‌లో 5 సెంటీమీటర్ల నీళ్ళు పోసి, బూటులో పేపరు పెట్టి పది నిమిషాలు నిలబెట్టండి. పేపరు పొడిగానే ఉంటే అది చెమట. వానాకాలంలో వాగు దాటేటప్పుడు పైనుంచి దూరిన నీళ్ళు ఆ పొరవల్ల బయటికి పోవు, అందుకే అప్పుడు జాలీ బూట్లే మేలు. వంజంగిలో చలికాలం తెల్లవారుజామున మంచుతడి గడ్డిలో నడిచేవాళ్ళకు మాత్రం ఆ పొర పనికొస్తుంది. ఇంటికొచ్చాక ఇన్‌సోల్ తీసి, పేపరు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చి, ఫ్యాను కింద పెట్టండి. డాబామీద ఎండలోనో, చలిమంట పక్కనో ఆరబెడితే జిగురు వదిలేస్తుంది.

జారడం

ఎర్రమట్టి సోల్ పళ్ళ మధ్య నిండిపోతే అడుగు నున్నగా మారుతుంది. పళ్ళు 4-5 మిల్లీమీటర్ల లోతు, ఎడం ఎడంగా ఉండాలి. గోటితో నొక్కితే కొంచెమైనా లొంగని రబ్బరు తడి రాతిమీద జారుతుంది. కటికి జలపాతం దగ్గరి నాచు పట్టిన బండలమీద మాత్రం ఏ రబ్బరూ ఆగదు, అక్కడ కర్ర, చుట్టుదారి తప్ప మరో మందు లేదు.

మడత పడే చీలమండ

బూటు ముక్కు, మడమ పట్టుకుని బట్ట పిండినట్టు తిప్పండి. సులువుగా మెలితిరిగితే రాళ్ళదారికి పనికిరాదు. వేళ్ళు వంగే చోటే వంగాలి, మధ్యలో కాదు. మూటా ముల్లె లేని ఒక్కపూట నడకకు చీలమండ దాకా వచ్చే తేలిక రకం సరిపోతుంది, బరువైన తోలు బూట్లు మోసుకు తిరగక్కర్లేదు.