రేకుల ఇంట్లో చలికాలం గడవాలంటే ఏం చేయాలి?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్లు ఒకటే తీరు, నాలుగంగుళాల గోడ, పైన రేకులు, బయట ప్లాస్టింగ్ ఉండదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు కట్టుకోడానికి కొండ ప్రాంతాలకి 1,30,000 రూపాయలు ఇస్తారు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, మరి గోడలు లేచేసరికే డబ్బు అయిపోతే ప్లాస్టింగ్ ఎవరు చేయిస్తారు? పొట్టంగి, సెమిలిగుడ లాంటి ఎత్తు ఊళ్లలో డిసెంబర్ వస్తే ఆ ఇంట్లో పడుకోవడం కష్టమే. హీటర్ కొనేముందు ఈ పనులు చూడండి.

ముందు సందులు వెతకండి. గాలి తోలే రాత్రి తలుపులు వేసి, అగరుబత్తి వెలిగించి గోడ పైఅంచు వెంబడి, తలుపు కింద, కిటికీ చుట్టూ తిప్పండి, పొగ నిలువుగా పోకుండా ఎక్కడ పక్కకి వాలితే అక్కడే సందు. రేకు గోడ మీద ఆనే చోట, రేకు మడతల కింద కన్నాలే పెద్ద దొంగలు. మట్టిలో గడ్డి కలిపి కూరేయండి, లేదా గోనె ముక్కలు దూర్చండి. గడప కింద పాత చీర చుట్టి పెడితే చాలు.

అయితే మొత్తం బిగించేయకూడదు. మన ఊపిరి, అన్నం ఆవిరి వెళ్లి చల్లటి జింకు రేకుకి తగిలి నీళ్లవుతాయి, తెల్లారి మొహం మీద చుక్కలు పడేది అందుకే, కప్పు కారుతోందని మేస్త్రీని పిలుస్తారు పాపం. గాలి నేరుగా కొట్టని వైపు పైన చిన్న కన్నం ఒగ్గేయండి.

తర్వాత కప్పు, అసలు పని ఇదే. వేడి పైకే పోతుంది కదా. సంతలో వెదురు తడకలు దొరుకుతాయి, రేకుకి జానెడు కిందగా దూలాలకి కట్టించండి, మధ్యలో నిలిచిన గాలే చలిని ఆపుతుంది, ఎండాకాలం కూడా సుఖం. పొయ్యి మీద మాత్రం తడక వద్దు. థర్మాకోల్ చవక అంటారు గానీ నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది, వద్దు. పాత సిమెంట్ రేకులైతే వాటికి కన్నాలు పెట్టకండి, కోయకండి, ఆ ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకి చేటు.

సిమెంట్ నేల మీద ఉత్త చాప ఎందుకూ పనికిరాదు. కింద టార్పాలిన్, దానిమీద ఎండిన వరిగడ్డి మందంగా, పైన బొంత. గడ్డిని రెండు మూడు రోజులకోసారి ఎండలో వేయండి, లేకపోతే బూజు వాసన, పురుగులు.

చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణం కిటికీ పగలంతా తెరిచి ఎండ రానిచ్చి, నాలుగున్నరకల్లా మూసేయాలి.

కుంపటి సంగతి గట్టిగా చెప్తున్నా, తలుపులేసి బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకోకండి. దాన్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ రావట్లేదు కదా అనుకోవద్దు, ఎర్రగా కాలే బొగ్గే ప్రమాదం. పడుకునేముందు బయట పెట్టేయండి, పిల్లలకి వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి దుప్పట్లో పెట్టండి.

గోడ పగుళ్లకి పెన్సిల్‌తో రెండు చివర్లా గీత గీసి తేదీ రాయండి. గీత దాటి పెరిగితే పునాది కుంగుతూ ఉండొచ్చు, పైన సిమెంట్ పూసి లాభం లేదు, మేస్త్రీకి చూపించాలి. పెరగకపోతే చలి తగ్గాక బయట ప్లాస్టింగ్ పెట్టుకోండి, వారం రోజులు తగ్గకుండా నీళ్లు కొట్టాలి, ఆ నీళ్లకి కక్కుర్తి పడితే వచ్చే ఏడాదికి మళ్లీ పగుళ్లే.