యూనివర్సిటీ చదువుకు డబ్బు ఎలా సమకూర్చుకోవాలి?

సీటు వచ్చిందన్న కబురు అందగానే చాలా ఇళ్లలో పుట్టే మొదటి ప్రశ్న "అప్పు ఎవరిస్తారు?" అని. నిజానికి అది చివర్లో అడగాల్సిన ప్రశ్న.

ముందు ఒక కాగితం మీద డిగ్రీ చేతికొచ్చే వరకు అయ్యే మొత్తం ఖర్చు రాయండి. ఫీజు పక్కనే అద్దె, తిండి, పుస్తకాలు, ప్రయాణాలు, బీమా ఉండాలి. ఫీజు ఏటా పెరిగేదైతే ఆ పెరుగుదలనూ కలపండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు బోధనా రుసుము తీసుకోవు. అయినా విద్యార్థికి అద్దె తప్పదు. అందుకే అక్కడి ప్రభుత్వం బాఫోగ్ అనే పథకం కింద అర్హులకు నెలనెలా సాయం చేస్తుంది. సాధారణంగా అందులో సగం ఉచితం, సగం వడ్డీ లేని అప్పు.

తర్వాత, తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బు వెతకండి. ప్రభుత్వ ఉపకార వేతనాలు, యూనివర్సిటీ ఇచ్చే ఫీజు రాయితీలు, ట్రస్టుల స్కాలర్‌షిప్‌లు. మాకు రాదులే అని దరఖాస్తే పెట్టకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. గడువు దాటితే అర్హత ఉన్నా ప్రయోజనం ఉండదు. సాయం మంజూరైతే రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: అది మొదటి ఏడాదికేనా, ప్రతి ఏడాదీ వస్తుందా? బయటి నుంచి మరో స్కాలర్‌షిప్ వస్తే యూనివర్సిటీ తన సాయాన్ని తగ్గిస్తుందా?

ఇంట్లో దాచిన డబ్బు, విద్యార్థి సంపాదించగలిగింది ఆ తర్వాత లెక్కలోకి వస్తాయి. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి దాచుకున్న సొమ్ము జోలికి మాత్రం వెళ్లకండి.

ఇంకా లోటు ఉంటే అప్పుడు అప్పు. ఇక్కడ తొందర పనికిరాదు. ప్రభుత్వ రుణ పథకం ఉంటే ముందు దాన్నే చూడండి, ఎందుకంటే వడ్డీ రేటు కంటే తీర్చే పద్ధతి ముఖ్యం. కొన్ని అప్పులకు ఉద్యోగం ఉన్నా లేకున్నా నెలవారీ వాయిదా కట్టాల్సిందే. మరికొన్ని ఆదాయాన్ని బట్టి నడుస్తాయి. ఆస్ట్రేలియా 1989లో దేశమంతటా ఈ రెండో పద్ధతి తెచ్చింది: ఆదాయం ఒక పరిమితి దాటాకే పన్నుతో పాటు వసూలు చేస్తారు. ఇంగ్లండ్‌లో 2023 ఆగస్టు నుంచి డిగ్రీ కోర్సు మొదలుపెట్టినవారు పరిమితికి పైబడిన ఆదాయంలో 9 శాతం కడతారు. 40 ఏళ్లకూ తీరని బాకీ రద్దవుతుంది. జీతం రాని నెలల్లో ఇలాంటి అప్పు మెడకు ఉరి కాదు.

వడ్డీ ఎప్పటి నుంచి మొదలవుతుందో కూడా లెక్క వేయండి. ఏటా మొదట్లో 25 వేల చొప్పున నాలుగేళ్లలో లక్ష తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. వడ్డీ ఏటా అసలులో కలుస్తూ పోతే చదువు ముగిసేనాటికి బాకీ దాదాపు 1,27,600. మొదటి ఏడాది 2,500, రెండో ఏడాది 5,000, ఆపైన 7,500, 10,000 చొప్పున ఏ ఏటి వడ్డీ ఆ ఏడే కట్టేస్తే మిగిలేది లక్షే.

హామీ సంతకం పెట్టేవారు, విద్యార్థి కట్టలేకపోతే బాకీ ఎవరి మీద పడుతుందో పత్రంలో చదివి తెలుసుకోవాలి. మొదటి వాయిదా ఏ నెలలో మొదలవుతుందో, ఎంతో మీ కాగితం చివర రాసి, సంతకాలకు ముందే చదువుకోబోయే బిడ్డ చేతికివ్వండి.