'అది' తీసేశాకే నా కార్డు తగవు తీరింది

అమలాపురంలో వేసవి సెలవులకి పిల్లలంతా చేరతారని, మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట పద్ధతిలో తెలుగు కార్డులు చేశాను. బొమ్మలు నావే. కొలత అసలు కార్డుదే, 63 × 88 మిల్లీమీటర్లు. చిక్కంతా రాతలో వచ్చింది.

'వరద గౌతమి' మీద ఇలా రాశాను: "ఈ జీవి బరిలోకి దిగినప్పుడు ఎదుటివాళ్ల జీవితో పోరాడుతుంది. అది చనిపోతే ఒక కార్డు తీసుకో."

"అది అంటే ఏది బావా, నీదా నాదా?" అన్నాడు మా బావమరిది. పైగా నా చేతిలోంచే కార్డు లాగాడు! తప్పు వాడిది కాదు. తెలుగులో 'అది' దేనికైనా అతుక్కుంటుంది, 'తీసుకో' ఎక్కణ్ణుంచో చెప్పదు. ఇప్పుడు ఇలా ఉంది: "ఆ పోరులో ఎదుటివాళ్ల జీవి చనిపోతే, నీ కట్ట పైనుంచి ఒక కార్డు తీసుకో."

'లంక కాపరి' ఇంకా మొండిది. "మరో జీవి దిగిన ప్రతిసారీ ఒక 1/1 గేదెను దింపు" అన్నాను (1/1 అంటే దాడి బలం 1, ఓర్పు 1). గేదె కూడా జీవే కదా, దాని వెనక ఇంకో గేదె, ఆగదు. అసలు ఆటలో ఎవరూ ఆపలేని ఇలాంటి చక్రం పడితే ఆట డ్రా. 'దింపవచ్చు' అని మార్చి చూశాను. డ్రా తప్పింది గానీ, కావలసినన్ని గేదెలు దింపేశారు. చివరికి "గేదె కాని మరో జీవి దిగిన ప్రతిసారీ" అని రాశాక ఒక్కో జీవికి ఒక్క గేదే వస్తోంది.