తోక చక్రం విమానం: నేల తాకాక అసలు పని

మా మేనల్లుడు ఇన్నాళ్లూ సెస్నా 172 మీదే, అంటే మూడో చక్రం ముక్కు కింద ఉండే చిన్న విమానం మీదే నేర్చుకున్నాడు. వచ్చే నెలలో మొదటిసారి తోక చక్రం విమానం, అంటే మూడో చక్రం తోక కింద ఉండేది, ఎక్కుతున్నాడు. మొన్న బరంపురం వచ్చినప్పుడు, "మావయ్యా, దిగాక అది ఎందుకు గిర్రున తిరిగిపోతుంది?" అని అడిగాడు. సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లాను. వెనక చక్రాలు పక్కకు తిరగని ట్రాలీ ఒకటి చూసి, ముందు మూలన బియ్యం బస్తా వేసి, పిడి ముందుండేలా తిరగేసి తొయ్యమన్నాను. నాలుగడుగుల్లో అడ్డం తిరిగి నూనె డబ్బాల వరసకు తగిలింది. అక్కడి కుర్రాడు మమ్మల్ని చూసిన చూపు చెప్పక్కర్లేదు.

సెస్నాలో బరువు ప్రధాన చక్రాలకు (ఇరుపక్కలా ఉండే రెండు పెద్ద చక్రాలకు) ముందుంటుంది కాబట్టి, ముక్కు కాస్త పక్కకు తిరిగినా బరువే దాన్ని సరిచేస్తుంది. తోక చక్రం విమానంలో బరువు ఆ చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త తప్పితే చాలు, వెనకున్న బరువు ముందుకు దూకబోయి ఆ తిరుగుడుని ఇంకా పెంచుతుంది. అదే గ్రౌండ్ లూప్.

కాబట్టి పక్కకు కొట్టుకుపోతూ నేల తాకకూడదు. గాలి వచ్చే వైపు రెక్క దించండి, ఎదురు వైపు రడ్డర్‌తో (కాలి పెడళ్లతో కదిలే తోక మీది నిలువు పలకతో) ముక్కుని రన్‌వేకి సూటిగా ఉంచండి. ఆ వైపు చక్రం ముందు తాకినా కంగారు పడొద్దు. మూడు చక్రాల మీద దిగాక కంట్రోల్ స్టిక్ పూర్తిగా ఒళ్లోకి లాగి పట్టుకోండి. వేగం తగ్గేకొద్దీ ఎయిలెరాన్ (రెక్క చివర కదిలే పలక) గాలి వైపు పెంచుకుంటూ పోండి. చూపు రన్‌వే చివర ఉండాలి. పెడళ్ల మీద కాళ్లు చిన్నచిన్నగా, చకచకా ఆడుతుండాలి. ముక్కు తిరగడం కంటికి బాగా కనపడ్డాక తొక్కితే ఆలస్యమే. గట్టిగా ఎగిరిపడితే మొండికేయకుండా ఫుల్ థ్రాటిల్ (ఇంజిన్ పూర్తి శక్తి) ఇచ్చి, పైకి లేచి, చుట్టు తిరిగి మళ్లీ దిగడానికి రండి. అప్పుడు ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి కాలు సిద్ధంగా ఉండాలి.

మా ఫ్లయింగ్ క్లబ్బులో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) చేసిన పుష్పక్ అనే తోక చక్రం విమానం ఉండేది. 90 హార్స్‌పవర్ ఇంజిన్, గుడ్డ తొడిగిన రెక్కలు. ఒకరోజు దాన్ని వెన్నలా దింపాను. పరుగెత్తే మనిషి వేగానికి వచ్చేసింది, నా మనసు టీ కొట్టు దగ్గరికి వెళ్లిపోయింది. ఎడమ నుంచి గాలి. ఆ వేగంలో రడ్డర్ మీద గాలి ఒరుసుకోదు, కాలు వేసినా పట్టదు. ముక్కు ఎడమకు పోయింది, నేను కుడి పెడల్ ఆలస్యంగా తొక్కాను, పైగా టెన్షన్‌లో బ్రేక్ కూడా. కుడి రెక్క చివర నేలకు రాసుకుంది.

మా గోపాల్‌పూర్ వైపు ఎండాకాలంలో తెల్లారి గాలి తక్కువ, పొద్దెక్కాక సముద్రం మీంచి పెరుగుతుంది. మీ ఊరి గాలి వేళలు తెలుసుకుని, కొత్తలో పొద్దున్నే ఎగరండి. వీలైతే గడ్డి మీద నేర్చుకోండి. గడ్డి మీద టైరు కాస్త పక్కకు జారుతుంది, తారు క్షమించదు. ఎగిరే ముందు తోక చక్రం స్ప్రింగులు లాగి చూడండి, రెండు టైర్ల గాలీ సమానంగా ఉండాలి.

తిరుగుడు చెయ్యి దాటిపోతే థ్రాటిల్ మూసి, కంట్రోల్ వెనకే ఉంచి తిరగనివ్వండి. బ్రేకులు గట్టిగా తొక్కితే ముక్కు మీద పడి ప్రొపెల్లర్ పోతుంది. ఆగాక "ఏం కాలేదు" అని మళ్లీ ఎగరొద్దు. ఆరోజు మేమూ గుడ్డ ఒక్కటే చిరిగిందనుకున్నాం. ఇంజినీరు టార్చి పట్టుకుని కిందకు దూరి చూస్తే, ల్యాండింగ్ గేర్ (చక్రాల కాళ్లు) బిగించిన చోట వెంట్రుకంత పగులు.