అట్లాంటిక్ తుఫాను అలలు: సర్ఫింగ్‌కి దిగేముందు చూసుకోవాల్సినవి

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అమెరికా తూర్పు తీరంలో సర్ఫర్లు ఎదురుచూసేది మాత్రం ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాటగానే, న్యూజెర్సీ నుంచి కరోలినాల వరకు చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు తగ్గిపోతారు. నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, కెరటం పెద్దదవుతుంది, చూసేవాళ్లుండరు. మన తెలుగు కుటుంబాలు పిల్లలతో బీచ్‌కి వెళ్లే వారాంతాలూ అవే.

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ రోజుకు నాలుగుసార్లు (తూర్పు తీరపు వేసవి సమయం ప్రకారం 2, 8 గంటలకు, పగలూ రాత్రీ) తుఫాను పుట్టే అవకాశాన్ని 2 రోజులకు, 7 రోజులకు విడివిడిగా చెబుతుంది. పటంలో పసుపు రంగంటే 40 శాతంలోపు, నారింజ 40 నుంచి 60, ఎరుపు అంతకు పైన. ఆ శాతం పుట్టుక గురించి మాత్రమే. ఎంత బలపడుతుందో, అలలు ఎంత వస్తాయో అందులో ఉండదు. తుఫాను ఇంకా పుట్టకముందే యాప్‌లు చూపించే పది రోజుల అలల ఎత్తుని నమ్మి సెలవు పెట్టకండి. అలల మోడల్ గాలి మోడల్ మీద నడుస్తుంది. గాలి అంచనా తప్పితే అదీ తప్పుతుంది. అమెరికా, యూరప్ మోడళ్లు రెండూ వరుసగా రెండు మూడు రోజులు ఒకే దారి చూపిస్తే అప్పుడు పట్టించుకోండి.

సూచనా పటంలో శంకువులా విచ్చుకునే ఆకారం, అంటే కోన్, తుఫాను కేంద్రం వెళ్లగల దారి మాత్రమే. అలలకు ఆ గీతతో సంబంధం లేదు. 2019లో లొరెంజో హరికేన్ అమెరికా తీరానికి చాలా దూరంగా, నడి అట్లాంటిక్ మీదుగా అజోర్స్ దీవుల వైపు వెళ్లిపోయింది. అయినా దాని అలలు పుట్టించిన రిప్ కరెంట్లలో (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు) అమెరికా తీరాన మనుషులు మునిగిపోయారు. కోన్ బయట ఉన్నాం కదా అన్న ధీమా అన్నిటికన్నా ప్రమాదం.

చూడాల్సిన అంకె పీరియడ్, అంటే ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య సెకన్లు. లోతు నీళ్లలో స్వెల్ (దూరపు తుఫాను నుంచి వచ్చే అలల వరస) వేగం నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) సుమారు పీరియడ్‌కు ఒకటిన్నర రెట్లు. 15 సెకన్ల స్వెల్ సుమారు 22.5 నాట్లతో వస్తుంది. 900 నాటికల్ మైళ్ల దూరం నుంచి దాదాపు 40 గంటలు. న్యూయార్క్, న్యూజెర్సీ వాళ్లకు 44025, బెర్ముడా పడమట 41048 నంబరు బోయలు (అలలను కొలిచే తేలే పరికరాలు) చూడటం అలవాటు చేసుకోండి. ఎత్తు అర మీటరే ఉన్నా పీరియడ్ ఒక్కసారిగా 14 సెకన్లు దాటితే స్వెల్ ముందు వరస వచ్చేసినట్టే. స్థానిక గాలి అలలు దాన్ని కప్పేస్తాయి కాబట్టి స్వెల్‌ని విడిగా చూపే పట్టిక చూడండి. బోయ చెప్పే ఎత్తు అన్ని కెరటాల్లో ఎత్తైన మూడో వంతు కెరటాల సగటు. విడి కెరటం దానికి దాదాపు రెట్టింపు రావచ్చు.

దిశ కూడా ముఖ్యమే. నార్త్ కరోలినాలోని హాటెరస్ కేప్‌కి (అగ్రం) ఉత్తరాన తీరం తూర్పుముఖం, కేప్ దాటాక దక్షిణముఖం. మయామీకి తూర్పు స్వెల్‌ని బహామాస్ అడ్డుకుంటాయి. తిన్నని ఇసుక తీరాల్లో 15 సెకన్ల కెరటం ఒకేసారి గోడలా విరుగుతుంది. స్వారీకి దారి మిగలదు.

ఒడ్డున కనీసం ఇరవై నిమిషాలు నిలబడి చూడండి. పొడవైన పీరియడ్‌లో పెద్ద సెట్ల (వరసగా వచ్చే కెరటాల గుంపులు) మధ్య పది పదిహేను నిమిషాల విరామం రావచ్చు. ఆ నిశ్శబ్దంలో దిగినవాళ్లే ఇరుక్కుంటారు. లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) బోర్డు పొడవుకి తక్కువ కాకూడదు. స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే కీలు), వెల్క్రో, తాడుమీద గాట్లు చూడండి. గాటు ఉంటే మార్చేయండి. ఒంటరిగా దిగొద్దు. ఫ్లోరిడాలో రెండు ఎర్రజెండాలంటే నీళ్లలోకి ప్రవేశం లేదు.

రిప్ లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. బోర్డు వదలకుండా తేలండి, చెయ్యెత్తి పిలవండి, లాగుడు తగ్గాక తీరానికి సమాంతరంగా పక్కకు వెళ్లి, కెరటాలు విరిగే చోటు నుంచి బయటకు రండి. పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయంలో రిప్‌లు మరింత బలంగా ఉంటాయి.

తుఫాను తీరం దగ్గరగా వెళ్తే కుండపోత వాన తర్వాత మూడు రోజులు ఆగండి: మురుగు, మేకులున్న చెక్కలు నీళ్లలో ఉంటాయి. ఇసుక దిబ్బలు కూడా జరిగి ఉంటాయి. పాత చోట్లని మళ్లీ పాటులో చూసుకున్నాకే దిగండి.