ఇంటర్నెట్ ఫోన్ బాక్స్ పెట్టాక నెట్ మొరాయిస్తోందా? ఇలా సరిచేసుకోండి

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్ మీద నడిపే ఊమా, వొనేజ్ లాంటి ఫోన్ బాక్సులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తెరను తడుముకోవడం కంటే రిసీవర్ ఎత్తి నంబరు నొక్కడమే హాయి. తీరా బాక్స్ తగిలించాక ఫోన్ మోగుతుంది గానీ వైఫై పోతుంది. లేదా వైఫై బాగానే ఉండి ఫోన్లో మాట తెగిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది బాక్స్ పాడైందనుకుని వాపసు పంపేస్తారు. నిజానికి ఎక్కువసార్లు తప్పు బాక్స్‌ది కాదు, దాన్ని తగిలించిన చోటుది.

ముందు బాక్స్ తీసేసి చూడండి

ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. బాక్స్‌కున్న తీగలన్నీ పీకేసి, మోడెమ్ నుంచి రౌటర్‌కి కేబుల్ మునుపటిలాగే పెట్టండి. రెండింటి కరెంటూ తీసేయండి. రెండు మూడు నిమిషాలాగి మోడెమ్ ఒక్కటే ఆన్ చేయండి. దాని ఆన్‌లైన్ లైటు మినుకుమినుకుమనడం మాని నిలకడగా వెలిగాక రౌటర్ ఆన్ చేయండి.

ఈ వరస చాదస్తం కాదు. కేబుల్ కంపెనీ మోడెములు చాలావరకు ఆన్ అయ్యాక తమకు మొదట కనిపించిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి. మీరు మధ్యలో తీగ మార్చి వేరేది తగిలిస్తే దానికి నెట్‌లో వాడే అడ్రస్ (ఐపీ అడ్రస్) ఇవ్వవు. బాక్స్ పెట్టిన వెంటనే నెట్ మొత్తం పోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మోడెమ్‌లో బ్యాకప్ బ్యాటరీ ఉంటే దాన్ని కూడా తీస్తేనే అది నిజంగా ఆఫ్ అయినట్టు.

ఇప్పుడు లాప్‌టాప్‌ని రౌటర్‌కి తీగతో కలిపి స్పీడ్ టెస్ట్ చేసి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు రాసి పెట్టుకోండి. వైఫై మీద చేస్తే గోడలు, దూరం కలిసి లెక్క తప్పుతుంది. బాక్స్ లేకపోయినా నెట్ రాకపోతే గొడవ మరెక్కడో ఉంది, నెట్ కంపెనీకి ఫోన్ చేయండి.

అడాప్టర్లు కూడా ఒకసారి చూసుకోండి. అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. 5 వోల్టులదీ 12 వోల్టులదీ తారుమారైతే పరికరం ఆగి ఆగి పనిచేస్తుంది, లేదా కాలిపోతుంది.

బాక్స్‌ని రౌటర్ వెనక పెట్టండి

కొన్ని బాక్సులతో వచ్చే కాగితం మీద మోడెమ్, బాక్స్, ఆ తర్వాత రౌటర్ అని బొమ్మ ఉంటుంది. అలా మధ్యలో కూర్చుంటే ఇంటి ట్రాఫిక్ అంతా బాక్స్ గుండా పోతుంది, అది మాటకు ముందు దారి ఇస్తుంది. అప్‌లోడ్ స్పీడు 1 ఎంబీపీఎస్ కూడా లేని రోజుల్లో ఆ పద్ధతి సబబే. మామూలు నాణ్యతలో ఒక కాల్‌కి అటూ ఇటూ దాదాపు 90 కేబీపీఎస్ చొప్పున పడుతుంది. పది ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంట్లో అదొక లెక్క కాదు. అందుకే ఇప్పుడు బాక్స్‌ని రౌటర్ వెనక పెట్టడమే నయం అంటాను.

బాక్స్ మీద ఇంటర్నెట్ లేదా వ్యాన్ (WAN, బయటి నెట్ వైపుది) అని రాసున్న పోర్ట్ నుంచి రౌటర్‌లో ఖాళీగా ఉన్న ల్యాన్ (LAN, ఇంటి వైపుది) పోర్ట్‌కి ఒకే ఒక్క కేబుల్ పెట్టండి. మోడెమ్, రౌటర్ ఒకే డబ్బాలో ఉన్నా పద్ధతి ఇదే.

బాక్స్‌కి హోమ్, పీసీ లేదా ల్యాన్ అని రెండో పోర్ట్ ఉంటే దాన్ని ఖాళీగా వదిలేయండి. పొరపాటున ఆ పోర్ట్‌ని రౌటర్‌కి కలిపితే ఇంట్లో అడ్రసులు పంచేవాళ్ళు ఇద్దరవుతారు. అమ్మ ఫోన్‌కి రౌటర్ అడ్రస్ ఇస్తుంది, మీ లాప్‌టాప్‌కి బాక్స్ ఇస్తుంది. ఒకదాంట్లో నెట్ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. రేపటికి అటుదిటు అవుతుంది. ఇలా కొన్నింట్లో వచ్చి కొన్నింట్లో రాకపోతుంటే సెట్టింగుల్లోకి వెళ్ళకముందే ఈ తీగ చూడండి.

మధ్యలోనే పెట్టక తప్పకపోతే

కొందరికి రౌటర్‌లో పోర్టులు ఖాళీ ఉండవు. అలాంటప్పుడు పోర్టులు పెంచే ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ కొనడమే మేలు. అయినా మధ్యలోనే ఉంచుతామంటే ఇవి చూసుకోవాలి.

స్పీడ్ 90 దగ్గర ఆగిపోయిందా? పాత బాక్సుల్లో చాలావాటి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. మీరు 300 ప్లాన్‌కి డబ్బు కడుతున్నా రౌటర్‌కి చేరేది తొంభై చిల్లరే. సెట్టింగ్‌తో ఇది మారదు.

డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ మాత్రం పడిపోతే బాక్స్ సెట్టింగ్స్ పేజీలో క్యూఓఎస్ (QoS, దేనికి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) అనే చోటు వెతకండి. అక్కడ అప్‌స్ట్రీమ్ స్పీడు తక్కువగా రాసి ఉంటే బాక్స్ ఆ అంకెకే ఇంటినంతా కట్టడి చేస్తుంది. మీరు రాసి పెట్టుకున్న అప్‌లోడ్ అంకెకు కాస్త తక్కువ వేయండి.

బ్రౌజింగ్ బాగానే ఉండి ఆఫీసు వీపీఎన్, పిల్లల గేమ్ కన్సోల్, ఇంటి కెమెరా మొరాయిస్తుంటే రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ చూడండి. అది 192.168తో గానీ, 10 తర్వాత చుక్కతో గానీ, 172.16 నుంచి 172.31 మధ్యలో గానీ మొదలైతే మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ కూర్చున్నట్టు. ఇక్కడ ఆ ఇంకో రౌటర్ మీ ఫోన్ బాక్సే. ఆ పైన రెండూ 192.168.1.1 అనే అడ్రస్‌నే వాడుతుంటే నెట్ అసలు రాకపోవచ్చు. రౌటర్ ల్యాన్ అడ్రస్‌ని 192.168.50.1 లాంటిదానికి మార్చి, అన్నింటినీ ఒకసారి ఆపి ఆన్ చేయండి.

డీఎస్‌ఎల్ కనెక్షన్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో ఉంటే బాక్స్‌ని దాని ముందు పెట్టకండి. లాగిన్ చేసేవాళ్ళు లేక బాక్స్‌కి నెట్టే అందదు.

నెట్ బాగుంది, మాటే బాలేదు

మీ మాట అవతలికి పోతోంది, వాళ్ళ మాట మీకు రావట్లేదు. లేదా ఎప్పుడు మాట్లాడినా అర నిమిషం దాటగానే కాల్ కట్. రెండో లక్షణం చూడగానే పట్టేయొచ్చు. కాల్ ఎత్తాక ఒక చిన్న రసీదు సందేశం అవతలికి చేరాలి. అది దారిలో పోతే సర్వర్ 32 సెకన్లు చూసి లైను తెంపేస్తుంది. ఈ రెండు చోట్లా తరచూ దొరికే దొంగ రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ (SIP ALG), అంటే ఇంటర్నెట్ కాల్ సందేశాలను దారిలో సవరించే ఫీచర్. సాయం చేద్దామని పెట్టిన ఫీచరే, కానీ చాలా రౌటర్లలో అది సందేశాలను తిరగరాసి చెడగొడుతుంది. అడ్వాన్స్‌డ్, ఫైర్‌వాల్ లేదా నాట్ (NAT) పేజీల్లో ఉంటుంది. ఆఫ్ చేసి, రౌటర్‌నీ బాక్స్‌నీ రీస్టార్ట్ చేయండి.

ఎవరో ఫొటోలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడే మాట ముక్కలవుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోతోందని అర్థం. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, 8.8.8.8 వేసి, మళ్ళీ స్పేస్, హైఫన్, టీ కొట్టి ఎంటర్ నొక్కండి. టైమ్ అన్న చోట వరసగా 15, 16, 15 అని అంకెలు వస్తాయి. అలా నడుస్తుండగా ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. అంకెలు 300, 500కి ఎగబాకితే రౌటర్ క్యూఓఎస్‌లో అప్‌లోడ్‌ని అసలు స్పీడులో 85 నుంచి 90 శాతానికి కట్టేయండి. ఫోన్ బాక్స్‌కి ప్రాధాన్యం ఇచ్చే ఆప్షన్ ఉంటే అదీ పెట్టండి.

ఫోన్ ఎత్తినప్పుడల్లా వైఫై నీరసపడుతోందా? బాక్స్‌కి తగిలించిన కార్డ్‌లెస్ ఫోన్ అడుగున చూడండి. 2.4 గిగాహెర్ట్‌జ్ అని ఉంటే అది వైఫై దారిలోనే అరుస్తోంది. డివైస్‌లను 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి మార్చండి, లేదా డెక్ట్ 6.0 ఫోన్ కొనండి. అది 1.9లో నడుస్తుంది, జోలికి రాదు.

ఇంట్లోని ఫోన్లన్నీ మోగాలని బాక్స్‌ని గోడ జాక్‌కి కలిపే ఆలోచన ఉంటే ముందు పాత టెలిఫోన్ కంపెనీ లైను బయట నుంచి తెంపి ఉందో లేదో చూడండి. పాత లైన్లో 48 వోల్టులుంటాయి, రింగ్ వస్తే దాదాపు 90. బాక్స్ అక్కడితో సరి.

అన్నీ కుదిరాక ఒక పని

బాక్స్ కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 911 కోసం ఇంటి చిరునామా సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇల్లు మారితే అది దానంతటది మారదు. పరీక్ష కోసం 911 కొట్టకండి. చాలా సర్వీసుల్లో 933 కొడితే మీ పేరున ఉన్న చిరునామా చదివి వినిపిస్తుంది. కరెంటు పోతే బాక్స్‌తో పాటు మోడెమ్, రౌటర్ కూడా ఆగిపోతాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ మూడింటికీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టండి.